డీఏ లెక్క తెలిసిన మనిషి యూనియన్‌కు కావాలి

మీరు ఫ్యాక్టరీ యూనియన్ కమిటీకి కొత్తగా ఎన్నికయ్యానని, చదివింది ఐటీఐ అని, ఇంగ్లీషు అంతంతమాత్రమని రాశారు. శిక్షణ ఎక్కడ ఇస్తారు, ఖర్చు ఎవరిది, సెలవు దొరుకుతుందా అని అడిగారు. పటాన్‌చెరు వైపు ఒక ఇంజనీరింగ్ కర్మాగారంలో చాలా ఏళ్లు యూనియన్ కోశాధికారిగా చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా తట్టవలసిన తలుపు కేంద్ర కార్మిక విద్యా బోర్డుది. 1958లో పెట్టారు, ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. ఇప్పుడు దాని పేరు దత్తోపంత్ ఠేంగ్డీ జాతీయ కార్మిక విద్య, అభివృద్ధి బోర్డు. ఠేంగ్డీ బీఎంఎస్ (భారతీయ మజ్దూర్ సంఘ్) వ్యవస్థాపకుడు కదా, మన జెండా వేరు, మనల్ని రానిస్తారా అని మా వాళ్లు కొందరు సందేహపడ్డారు. ఆ బెంగ అక్కరలేదు. అది కేంద్ర కార్మిక శాఖ కింద నడిచే సంస్థ, అన్ని సంఘాల వాళ్లూ వెళ్తారు. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. అక్కడి ఎడ్యుకేషన్ ఆఫీసర్లు తెలుగులోనే చెబుతారు కాబట్టి మీ ఇంగ్లీషు భయం అక్కడ అక్కరలేదు. యూనియన్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసి, పది పన్నెండు మందిని పోగుచేయగలమని చెబితే ఫ్యాక్టరీకే వచ్చి తరగతి పెట్టే అవకాశం ఉంటుంది. మాకు అలాగే పెట్టారు.

ఆ తరగతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే శిక్షణ అంటే ఏమిటో నాకు అర్థమైంది అక్కడే. వచ్చిన ఆఫీసరు ఉపన్యాసం మొదలుపెట్టకుండా, అందరినీ తమ పే స్లిప్పూ వేతన ఒప్పందం కాపీ తెచ్చుకోమన్నాడు. మా ఒప్పందంలో డీఏ (ధరలతో పాటు పెరిగే కరువు భత్యం) రేటు 2001 ఆధార సంవత్సరం (ఆ ఏటి ధరలను 100గా తీసుకునే) వినియోగదారుల ధరల సూచీ మీద, పాయింటుకు ఇంత అని ఉంది. 2020లో ఆ సూచీని లెక్కగట్టే కేంద్ర సంస్థ లేబర్ బ్యూరో ఆధారాన్ని 2016కు మార్చింది. పాత సిరీస్‌లో మూడు వందల నలభై దాకా ఉన్న సూచీ కొత్త సిరీస్‌లో ఒక్కసారిగా 118 అయింది. రెండింటినీ కలిపే గుణకం 2.88. అంటే కొత్త సూచీ ఒక పాయింటు పెరిగితే పాత లెక్కలో 2.88 పాయింట్లు పెరిగినట్టు. మా కంపెనీ లెక్కల విభాగం మాత్రం కొత్త సూచీ పెరుగుదలను నేరుగా పాత రేటుతో గుణించి వదిలేసింది.

పాయింటుకు రెండు రూపాయలనుకోండి. కొత్త సూచీ మూడు పాయింట్లు పెరిగితే కంపెనీ లెక్కన ఆరు రూపాయలు, అసలు లెక్కన 17 రూపాయల 28 పైసలు. చిల్లర డబ్బులే అనిపిస్తుంది. కానీ సూచీ పెరిగిన ప్రతిసారీ ఆ తేడా పేరుకుంటుంది, పీఎఫ్‌లోకీ గ్రాట్యుటీలోకీ పాకుతుంది. డీఏ తగ్గిందని గేటు దగ్గర అందరూ గొణిగేవారే తప్ప ఎక్కడ తగ్గిందో వేలు పెట్టి చూపించినవారు లేరు. ఆ రోజు పదో తరగతి చదివిన లేత్ ఆపరేటర్ ఒకడు సెల్‌ఫోన్ క్యాలిక్యులేటర్‌తో తేల్చాడు. దాన్నే ఒక పేజీ ఉత్తరంగా, లెక్క పట్టికతో సహా యాజమాన్యానికి ఇచ్చాం. బకాయిలతో సహా సర్దారు, గేట్ మీటింగ్ కూడా అవసరం పడలేదు.

అందుకే నన్నడిగితే నాయకత్వ లక్షణాలు, వ్యక్తిత్వ వికాసం లాంటి పేర్లున్న శిక్షణలు తరువాత చూసుకోవచ్చు. పే స్లిప్పు చదవడం, బ్యాలెన్స్ షీటులో లాభం ఎక్కడ దాక్కుందో చూడడం, నోటీసు రాయడం, యూనియన్ వార్షిక రిటర్ను నింపడం ముందు నేర్చుకోండి. డిసెంబరు 31తో ముగిసే ఏడాది లెక్కలు ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్‌కు పంపకుండా రిజిస్ట్రేషన్ పోగొట్టుకున్న సంఘాలను నేను చూశాను. వాటిలో మాటకారి నాయకులకేమీ కొదవ లేదు.

ఇంకో హెచ్చరిక. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. అంతకు ముందు అచ్చువేసిన శిక్షణ పుస్తకాలు, మా తరం రాసుకున్న నోట్సు చాలావరకు చెల్లవు. ఒకప్పుడు రైల్వే, నీరు, కరెంటు లాంటి ప్రజోపయోగ సేవల్లోనే తప్పనిసరైన సమ్మె నోటీసు ఇప్పుడు అన్ని పారిశ్రామిక సంస్థల్లోనూ ఇవ్వాలి, ఇచ్చాక 14 రోజులు ఆగాలి. సగం మందో అంతకు మించో కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె కిందికే వస్తుంది. ఒకటి కన్నా ఎక్కువ సంఘాలున్న చోట 51 శాతం కార్మికుల మద్దతు ఉన్నదే యాజమాన్యంతో ఏకైక సంప్రదింపుల సంఘం. తరగతికి పిలిచేవారిని ముందే అడగండి: కొత్త కోడ్‌లు చెబుతారా, పాత పారిశ్రామిక వివాదాల చట్టమే చెబుతారా?

మీ సంఘం జాతీయ కార్మిక సమాఖ్యలైన ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్, హెచ్‌ఎంఎస్‌లలో దేనికైనా అనుబంధమైతే వాళ్ల శిక్షణ శిబిరాలు ఎలాగూ ఉంటాయి. వెళ్లండి. రాజకీయ ఉపన్యాసాలు కాస్త ఎక్కువే, కానీ పక్క ఫ్యాక్టరీల వాళ్లు భోజనాల దగ్గర చెప్పే ఒప్పందాల వివరాలు ఏ తరగతిలోనూ దొరకవు. నోయిడాలో వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థ ఉంది, 1974లో స్థాపించారు. రైల్వే కార్మికుల నాయకుడిగా మొదలై రాష్ట్రపతి అయిన మన తెలుగాయన పేరే దానిది. ఏటా శిక్షణ క్యాలెండర్ ప్రకటిస్తారు, సంఘం తరఫున పేరు పంపాలి. మంచి చోటే, కాకపోతే హిందీ, ఇంగ్లీషు వినగలిగితేనే ఆ ప్రయాణానికి ఫలితం. ఇటలీలోని ట్యూరిన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నడిపే శిక్షణ కేంద్రం కూడా ఉంది, అది జాతీయ స్థాయి సంఘాల వాళ్లు చూసుకునే వ్యవహారం.

ఖర్చు పెద్ద సమస్య కాదు. సభ్యుల విద్యా ప్రయోజనాలకు యూనియన్ సాధారణ నిధి వాడవచ్చని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 15వ సెక్షన్‌లోనే ఉండేది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ ఖర్చుల జాబితాను నిబంధనలకు వదిలేసింది కాబట్టి మీకు వర్తించే నిబంధనలు ఒకసారి చూసి, బైలాలో (సంఘం నియమావళిలో) శిక్షణ ఖర్చు మాట స్పష్టంగా రాసుకోండి, ఆడిట్‌లో పేచీ ఉండదు.

సెలవు దగ్గరే అసలు చిక్కు. చదువు కోసం వేతనంతో కూడిన సెలవుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1974లోనే 140వ ఒప్పందం చేసింది, ట్రేడ్ యూనియన్ విద్య కూడా అందులో ఉంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. కాబట్టి చట్టం చూపించి అడగలేరు, వేతన ఒప్పందంలో రాయించుకోవాలి. ఏడాదికి ఇన్ని పనిదినాలు శిక్షణకు, ఆన్ డ్యూటీగా, అని మేం ఒక క్లాజు పెట్టించాం. జీతం పెంపు మీద పట్టుబట్టే సమయంలో ఇలాంటివి యాజమాన్యం తేలిగ్గానే ఒప్పుకుంటుంది, విడిగా అడిగితే నెలలు నాన్చుతుంది. వాదించడానికి మీకొక ఆధారం కూడా ఉంది. 20 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని, అందులో ఇరువైపులా సమానంగా సభ్యులుండాలని, దరఖాస్తు అందాక 30 రోజుల్లో తేల్చాలని కోడే చెబుతోంది. ఏమీ తెలియని మనిషి ఆ కమిటీలో కూర్చుంటే కేసులు తేలవు, నష్టం కంపెనీకీ ఉంటుంది. మా పర్సనెల్ మేనేజరు ఈ మాటకే మెత్తబడ్డాడు.

ఎవరిని పంపాలన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను. అధ్యక్షుడిని, కార్యదర్శిని పంపడం మన సంఘాల్లో ఆనవాయితీ. వాళ్లకు తిరగడం అలవాటు, బ్యాగు ఎప్పుడూ సర్దే ఉంటుంది. వచ్చాక నేర్చుకున్నది ఎవరికీ చెప్పరు. షిఫ్టులో పనిచేసే, పదవి లేని ఇద్దరిని పంపండి, ఒకరు మహిళ అయితే మరీ మంచిది. ఒక్కరినే పంపితే ఆ ఒక్కరూ ప్రమోషన్ మీద సూపర్‌వైజర్ అయిపోతే చదువు కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. తిరిగి వచ్చిన వారంలోనే క్యాంటీన్‌లో ఒక గంట కూర్చోబెట్టి మిగతావాళ్లకు చెప్పించండి.

కార్మిక విద్యా బోర్డుకు రాసే ఉత్తరంలో యూనియన్ రిజిస్ట్రేషన్ నంబరు, హాజరయ్యేవారి సంఖ్య, ఏ షిఫ్టుకు వీలవుతుందో రాయండి. ఏ అంశం కావాలో కూడా మీరే రాయండి. రాయకపోతే వాళ్లకు అలవాటైన పాఠమే చెప్పి వెళ్తారు.