చేత్తో గీసే తెలుగు కామిక్ స్ట్రిప్: ముందు అక్షరాలు, తర్వాతే బొమ్మలు

కాగితం మీద గీసే నాలుగు గళ్ల స్ట్రిప్‌ని వదిలేసి ట్యాబ్‌కి మారాలా, పత్రికల అండ లేకుండా దాన్ని జనంలోకి ఎలా తీసుకెళ్లాలి అని అడిగారు. ఆర్టీసీ మహిళా కండక్టర్ ఒకావిడ కథలతో కొన్నేళ్లుగా చేత్తోనే స్ట్రిప్ గీస్తున్నాను. నా మాట వింటే, మారకండి.

తెలుగు కామిక్‌లో కష్టమంతా అక్షరాల దగ్గరే. ఇంగ్లీషులో అన్నీ ఒకే ఎత్తు పెద్దక్షరాలు కాబట్టి వరసలు ఇరుకుగా పేర్చినా చెల్లుతుంది. మనకలా కుదరదు. బస్సు మీద కనిపించే ‘స్త్రీలకు’ అన్న మాటే రాసి చూడండి. మొదటి అక్షరానికే పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, క్రావడి. కింది వరసలో అదే చోట ఇంకో గుడి వచ్చిందంటే రెండూ కలిసిపోయి చదవడానికి రాదు. అందుకే నేను వరసకీ వరసకీ మధ్య దాదాపు ఒక అక్షరమంత ఖాళీ వదులుతాను. ముందు పెన్సిల్‌తో మాటలు రాసుకుంటాను, వాటి చుట్టూ బుడగ గీస్తాను, మిగిలిన చోట్లో మనుషుల్ని నిలబెడతాను. “ఆధార్ చూపించమ్మా, జీరో టికెట్ కొడతా” లాంటి చిన్న మాటకే గడిలో పైభాగం నిండిపోతుంది. గడికి ఎనిమిది పది మాటలు దాటితే బొమ్మ ఊపిరాడక చస్తుంది.

ఫాంటు పెడితే ఈ శ్రమ ఉండదు, నిజమే. కానీ అప్పుడు మీ స్ట్రిప్ పది మందిలో ఒకటైపోతుంది. బాపు గారి చేతిరాతను ఫాంటుగా మలుచుకుని మరీ వాడుకుంటున్నాం మనం. చేతిరాతకి అంత విలువుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఐవరీ కార్డు (నున్నటి మందపాటి కాగితం), పెన్సిలు, నీళ్లకి చెదరని నల్ల ఇంకు చాలు. అచ్చులో కావలసిన సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా గీసి, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించండి. ఫోన్‌తో ఫొటో తీస్తే మూలల్లో నీడ పడుతుంది.

నాలుగు గళ్లూ ఒకే కొలత చతురస్రాలుగా గీయండి. కాగితం మీద ఒకే వరసలో వస్తాయి, వాట్సాప్‌లో రెండు మీద రెండు పేర్చొచ్చు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్కో గడీ జరుపుకుంటూ చదువుతారు. అడ్డంగా సాగిన స్ట్రిప్‌ని ఫోన్‌లో పెద్దది చేసుకుని చదివే ఓపిక ఎవరికీ లేదు.

మన తెలుగువాళ్లలో బొమ్మ తిరిగేది ఎక్కువగా వాట్సాప్‌లోనే. మూలన పెట్టిన సంతకాన్ని కత్తిరించేసి ఒక పేజీ వాళ్లు నా స్ట్రిప్ వేసుకున్నారు, చాలా బాధేసింది. ఇప్పుడు నా పేరు బొమ్మలోని బస్సు రూటు బోర్డు మీదే రాస్తున్నాను. బొమ్మ పాడవకుండా దాన్ని తీసేయలేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించకపోయినా గీసినవాళ్లకే హక్కు. భయపడకుండా రాసి అడగండి.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది మాత్రం జిరాక్సు పుస్తకమే. ఒక్క ఏ4 కాగితాన్ని మడిచి, మధ్యలో ఒక గాటు పెడితే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం వస్తుంది. వాటిని బస్టాండులో డ్యూటీ దిగిన కండక్టర్లకే ఇచ్చాను. చిల్లర లేనప్పుడు బాకీని టికెట్ వెనకాల రాసిచ్చే గడి చూసి ఒకావిడ పక్కావిణ్ణి పిలిచి చూపించింది. “దిగేటప్పుడు అడగడం మర్చిపోయి, మర్నాడు అదే టికెట్ పట్టుకొస్తారు, అది కూడా గియ్యమ్మా” అంది. తర్వాతి స్ట్రిప్ అదే. దాన్ని వాళ్ల గ్రూపుల్లో వాళ్లే పంపుకున్నారు. నేనెంత పోస్టు చేసినా రాని పాఠకులు అలా వచ్చారు.

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి. సొంతంగా స్టాలు తీసుకోవద్దు, ఖర్చెక్కువ. చిన్న ప్రచురణకర్తల్ని అడిగితే బల్ల మీద ఓ మూల ఇస్తారు.

మీ స్ట్రిప్ ఎవరి గురించో రాయలేదు. చెబితే, మొదటి కాపీలు ఎక్కడ పంచాలో కలిసి ఆలోచిద్దాం.