పీటీఎస్‌డీ మీద పీహెచ్‌డీ: పదిహేడో ప్రశ్న దగ్గర ఆగిన పెన్ను

మాజీ సైనికులు, ఫైర్, అంబులెన్స్ సిబ్బందిలో పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనిషిని వెంటాడే మానసిక సమస్య) మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నానని రాశారు. మీ అన్నయ్య సైన్యంలో చేసి వచ్చారు కాబట్టి ఆయన ఇంటర్వ్యూతోనే మొదలుపెట్టవచ్చా, ఆ కథలన్నీ విని నేను తట్టుకోగలనా అని అడిగారు. ఇదే అంశంతో ఐదున్నరేళ్లు కుస్తీ పట్టి బయటపడ్డవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కథలు వినడం కష్టమే. కానీ నేను దెబ్బతిన్నది అక్కడ కాదు. వాళ్ల ఉద్యోగం ఎలా నడుస్తుందో తెలుసుకోకుండానే వాళ్ల బాధ గురించి అడగడానికి వెళ్లాను, అదీ నా తప్పు.

మీరూ వాడబోయే ప్రశ్నావళి బహుశా పీసీఎల్-5 అయి ఉంటుంది. 20 ప్రశ్నలు, గత నెల రోజుల్లో ఏ లక్షణం ఎంత ఇబ్బంది పెట్టిందో 0 నుంచి 4 దాకా అంకె వేయాలి, మొత్తం 80. సాధారణంగా 31-33 దాటితే పీటీఎస్‌డీ ఉండవచ్చని అనుమానిస్తారు. అది నిర్ధారణ కాదు, అనుమానమే. నా మొదటి విడతలో ఒక ఫైర్‌మన్ చకచకా అంకెలు వేసుకుంటూ వచ్చి పదిహేడో ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఎప్పుడూ అతి అప్రమత్తంగా, కాపలా కాస్తున్నట్టు ఉంటున్నారా అనేది ఆ ప్రశ్న. పెన్ను కాగితం మీదే ఉంది, రాయడం లేదు. కాసేపటికి తలెత్తి, "డ్యూటీలోనా సార్, ఇంట్లోనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "డ్యూటీలో అలా లేకపోతే సస్పెండ్ చేస్తారు, ఇంట్లో అలా ఉంటే మా ఆవిడ కోప్పడుతుంది. దేనికి వేయమంటారు?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నింపించిన ఫారాలన్నిట్లో ఎవరు డ్యూటీని తలుచుకుని అంకె వేశారో, ఎవరు ఇంటిని తలుచుకుని వేశారో నాకు తెలియదు కదా.

మాజీ సైనికులకూ వీళ్లకూ అసలు తేడా ఇక్కడే ఉంది. సైనికుడు యుద్ధం నుంచి తిరిగి వచ్చాడు. అక్కడ పనికొచ్చిన అలవాటు ఇక్కడ అడ్డం పడుతోంది, అతని సమస్యలో పెద్ద భాగం అదే. అంబులెన్స్ మనిషికి తిరిగి రావడమనేది లేదు. నిన్న ఏ మలుపు దగ్గర శవాన్ని ఎత్తాడో రేపు అదే మలుపు మీదుగా బండి పోనివ్వాలి. పీటీఎస్‌డీ అనే పేరు అధికారికంగా డీఎస్ఎమ్-3 (మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ మాన్యువల్)లోకి వచ్చింది 1980లో, దాని వెనక ఉన్నది ఎక్కువగా వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవాళ్ల పోరాటం. మామూలు మనుషుల అనుభవంలోకి రాని సంఘటన అనే ఆలోచన అప్పటిది. అంబులెన్స్ వాళ్లకు అలాంటి సంఘటన వారంలో ఒక రోజు. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 దీన్ని కొంత సరిదిద్దింది. ఉద్యోగంలో భాగంగా ఘోరమైన వివరాలను పదే పదే ఎదుర్కోవడాన్ని కూడా కారణంగా ఒప్పుకుంది. అయినా క్యాప్స్-5 లాంటి క్లినికల్ ఇంటర్వ్యూ చేసేటప్పుడు (దానికి శిక్షణ తప్పనిసరి, గంట దాకా పడుతుంది) లక్షణాలను ఏదో ఒక సంఘటనకు ముడిపెట్టి అడగాలి. పదిహేనేళ్ల సర్వీసున్న మనిషిని ఒక్కటి ఎంచుకోమంటే ఏం ఎంచుకుంటాడు?

నేను చేసిన మూర్ఖత్వం ఏమిటంటే, కూర్చోగానే "మీరు చూసినవాటిలో అన్నిటికంటే ఘోరమైంది చెప్పండి" అనడం. అలా అడిగితే పదిమందికి చెప్పి అరగదీసిన కథే వస్తుంది. తర్వాత్తర్వాత, "మామూలు షిఫ్ట్ ఎలా ఉంటుందో మొదటి నుంచి చెప్పండి" అని అడగడం నేర్చుకున్నాను. అలా బండిలో మందుల పెట్టె ఎక్కడ ఉంటుందో, వైర్‌లెస్‌లో ఎవరి గొంతు ఎలా ఉంటుందో చెబుతూ చెబుతూ ఒకాయన, చిరునామా తప్పుగా నమోదై నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్లిన ఒక కాల్ దగ్గరికొచ్చాడు. రక్తం లేదు, అరుపులు లేవు. తలుపు తీసిన పెద్దావిడ వీళ్లకు కృతజ్ఞత చెప్పింది, అప్పటికే లోపల మనిషి పోయాడు. ఆయన్ను ఏళ్ల తరబడి కొరుకుతున్నది ఆ కృతజ్ఞత. ఇది భయం కాదు, తప్పు చేశానన్న బాధ. మనోవైద్యుడు జొనాథన్ షే వియత్నాం సైనికులతో పనిచేస్తూ వాడుకలోకి తెచ్చిన, 2009లో బ్రెట్ లిట్జ్ బృందం ఒక నమూనాగా రూపమిచ్చిన 'నైతిక గాయం' అనే భావన ఇలాంటిచోటే పనికొస్తుంది. మీ లిటరేచర్ రివ్యూలో దానికి ఒక అధ్యాయం ఉంచుకోండి.

కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తేవాళ్లను మరచిపోకండి. వాళ్లు ఏమీ చూడరు కాబట్టి లెక్కలోకి రారని అందరూ అనుకుంటారు, వాళ్లూ అలాగే అనుకుంటారు. ఒకావిడ నాతో అన్నది: "మాకు సగమే వినబడుతుంది. లైన్ కట్ అయ్యాక ఏమైందో ఎవరూ చెప్పరు. వెంటనే ఇంకో కాల్ వస్తుంది."

శాంపిల్ సంగతి. ఒక విభాగంలో పై అధికారి చాలా సాయం చేస్తున్నాననుకుని ఆరుగురిని డ్యూటీ మధ్యలోనే నా దగ్గరికి పంపాడు, పక్క గదిలో తను కూర్చున్నాడు. ఆరుగురికీ ఇంచుమించు సున్నాలే వచ్చాయి. అంత ఆరోగ్యవంతమైన సిబ్బంది ప్రపంచంలో ఎక్కడా ఉండరు! ఆఫీసుకు తెలిస్తే డ్యూటీకి పనికిరాడంటారేమో, ఆయుధమో బండో లాగేసుకుంటారేమో అనే భయం చాలా గట్టిది. ఆ ఫారాలను విశ్లేషణ నుంచి తీసేసి, ఎందుకు తీసేశానో థీసిస్‌లో వివరంగా రాశాను. ఆ తర్వాత నుంచి మనిషిని వాళ్ల ఆఫీసు ద్వారా పిలవలేదు, వాళ్ల ఆఫీసులో కలవలేదు. గోప్యతకు ఎక్కడ హద్దు ఉందో, అంటే ప్రాణాపాయం ఉందనిపిస్తే నేను ఎవరికి చెప్పాల్సి వస్తుందో, రికార్డర్ నొక్కకముందే చెప్పేవాణ్ణి. ఇంకోటి, ఉద్యోగం మానేసినవాళ్లను వెతికి పట్టుకోండి. సర్వీసులో మిగిలినవాళ్లనే కొలిస్తే తట్టుకున్నవాళ్లనే కొలిచినట్టు.

ఎథిక్స్ కమిటీ మిమ్మల్ని తప్పకుండా అడిగేది, ఈ ప్రశ్నలే వాళ్లను మళ్లీ గాయపరచవా అని. ఇబ్బంది కలిగినా చాలామంది పాల్గొన్నందుకు చింతించరని పరిశోధనలు చెబుతున్నాయి, నేను చూసిందీ అదే. అయినా మధ్యలో ఆపాల్సి వస్తే ఏం చేయాలో కాగితం మీద రాసి ఉండాలి, పంపించడానికి నిజంగా ఫోన్ ఎత్తే క్లినిక్ ఉండాలి. మీరు చికిత్స చేయకూడదు. చికిత్సలు మాత్రం ఉన్నాయి, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, సీపీటీ, ఈఎమ్‌డీఆర్ లాంటి మానసిక చికిత్సా పద్ధతులు పనిచేస్తాయి. కొన్నిచోట్ల సంఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క విడత మాట్లాడించేసి పని అయిపోయిందంటారు. అది పీటీఎస్‌డీని ఆపదని ఎప్పుడో తేలింది.

ఇక మీరు తట్టుకోగలరా అన్నది. ఎదుటి మనిషి ముందు కూర్చున్నప్పుడు తట్టుకుంటారు. ఇబ్బందల్లా టైప్ చేసేటప్పుడే. ఒక వాక్యం సరిగా వినబడక పది సార్లు వెనక్కి తిప్పి వింటారు, ఆ పది సార్లూ గొంతు అదే చోట బొంగురుపోతుంది. రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజుకు రెండు ఇంటర్వ్యూలు టైప్ చేసిన నెలలో, ఎక్కడికి వెళ్లినా తలుపుకు దగ్గరగా కూర్చోవడం మొదలుపెట్టాను. నాకు తెలియలేదు, మా గైడ్ గమనించింది. వారానికి రెండే ఇంటర్వ్యూలు, ట్రాన్స్‌క్రిప్ట్ పని పగలే, నెలకోసారి బయటి కౌన్సెలర్‌తో గంట అని షరతు పెట్టింది. ఆరు నెలలు ఆలస్యమైంది. ఏం కొంపలు మునగలేదు.

మీ అన్నయ్యను ఇంటర్వ్యూ చేయకండి. తమ్ముడికి చెప్పగలిగేదే చెబుతాడు, చెప్పలేకపోయింది ఇంట్లో ఇద్దరి మధ్యా ఉండిపోతుంది. ఆయనకు ఇష్టమైతే ప్రశ్నావళి చూపించి, ఏ మాట మీవాళ్లకు నవ్వొస్తుంది, ఏ మాటకు ఒళ్లు మండుతుంది అని అడగండి. పదిహేడో ప్రశ్న దగ్గర ఆయన పెన్ను కూడా ఆగుతుందేమో చూడండి.