బాస్కెట్‌బాల్ ఆటగాడు మను జినోబిలి ఎక్కువగా బెంచ్ మీంచే (ఆట మొదలయ్యాక సబ్‌స్టిట్యూట్‌గా) వచ్చేవాడు కదా, మరి అంత గొప్పవాడని ఎందుకంటారు?

బెంచ్ మీంచి రావడం అతని స్థాయి తగ్గి కాదు, కోచ్ పాపొవిచ్ ఎత్తుగడ అది. మొదటి ఐదుగురు అలసిపోయే వేళకి జినోబిలి దిగితే అవతలి జట్టుకి టెన్షన్ మొదలయ్యేది. 2008లో ఉత్తమ సిక్స్త్ మ్యాన్ అవార్డు (బెంచ్ మీంచి వచ్చేవాళ్లలో మేటికి ఇచ్చేది) కూడా అందుకే వచ్చింది.

అర్జెంటీనాలోని బాహియా బ్లాంకా అతని ఊరు. 1999 డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికా లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునేచోట, పాపొవిచ్ జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్ అతన్ని 57వ స్థానంలో తీసుకుంది, అంటే దాదాపు అడుగున. 2001లో ఇటలీ జట్టు బొలోన్యాతో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ యూరోలీగ్ గెలిచి, 2002లో అమెరికా చేరాడు. తర్వాత స్పర్స్‌తో నాలుగు ఎన్‌బీఏ టైటిళ్లు: 2003, 2005, 2007, 2014.

యూరో స్టెప్ అనే కదలికని అతను కనిపెట్టలేదు గానీ ఎన్‌బీఏలో దానికి క్రేజ్ తెచ్చినవాళ్లలో ముందుంటాడు. బంతి చేతిలోకి తీసుకుని మొదటి అడుగు ఒక పక్కకి వేస్తాడు. డిఫెండర్ అటు ఒరుగుతాడు. రెండో అడుగు ఇటు పడేసరికి దారి ఖాళీ! పాస్‌లూ అంతే, ఇద్దరి మధ్య సందులోంచి దూరిపోయేవి. ఇక 2017 ప్లేఆఫ్స్‌లో, 39 ఏళ్ల వయసులో, ఓవర్‌టైమ్ చివరి క్షణాల్లో అవతలి జట్టు స్టార్ జేమ్స్ హార్డెన్ షాట్‌ని వెనక నుంచి వచ్చి ఆపేశాడు.

నన్నడిగితే అన్నిటికన్నా పెద్దది 2004 ఏథెన్స్ ఒలింపిక్స్. సెమీఫైనల్లో అమెరికాని 89–81తో ఓడించారు, అందులో 29 పాయింట్లు ఇతనివే. అర్జెంటీనాకి స్వర్ణం దక్కింది. 2018లో రిటైరయ్యాడు, 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. యూరోలీగ్, ఎన్‌బీఏ, ఒలింపిక్ స్వర్ణం మూడూ ఉన్నవాళ్లు ఇద్దరే. రెండోవాడు అమెరికా ఆటగాడు బిల్ బ్రాడ్లీ.