స్టోర్ పని అని చిన్నబుచ్చుకోకు

చి. మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. కాలిఫోర్నియాలో అమెరికా మెరైన్ల స్థావరం క్యాంప్ పెండిల్టన్‌లో నీకు సరుకు, రవాణా చూసే లాజిస్టిక్స్ గ్రూప్ ఇచ్చారట, తుపాకీ పట్టాలనుకుంటే స్టోర్లో వేశారని అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. నేనూ ఆ గ్రూపులో చేసినవాణ్ణే కాబట్టి రాస్తున్నాను.

నువ్వు చేరబోయేది ఒకటో మెరైన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్. మేం మెఫ్ అంటాం. ఒక లెఫ్టినెంట్ జనరల్ కింద 40 వేల మందికి పైనే ఉంటారు. నేల మీద పోరాడేది ఒకటో మెరైన్ డివిజన్. విమానాలు, హెలికాప్టర్లు మూడో ఎయిర్‌క్రాఫ్ట్ వింగ్‌వి. తిండి, నీళ్లు, ఇంధనం, మందుగుండు, రిపేర్లు మన గ్రూపు పని. సముద్రం దాటి వెళ్లాక ఎవరినీ అరువు అడగడానికి ఉండదు కాబట్టి మెఫ్ 60 రోజుల సరంజామాతో కదలాలని లెక్క. ఆ లెక్క ఇకపై నీ చేతిలో ఉంటుంది.

పేరు సంగతి కూడా తెలుసుకో. 1965లో మూడో మెఫ్ వియత్నాంలోని డా నాంగ్‌లో దిగినప్పుడు, 'ఎక్స్‌పెడిషనరీ' (పరాయి దేశానికి దండెత్తి వెళ్లే) అన్న మాట అక్కడివాళ్లకి తమని ఏలిన ఫ్రెంచివాళ్ల పాత సైన్యాన్ని గుర్తుచేస్తుందని 'యాంఫిబియస్' (నీటి మీదా నేల మీదా పనిచేసే) అని మార్చారు. పాత మాట మళ్లీ 1988లో గానీ రాలేదు. పరాయి నేల మీద అడుగుపెట్టేవాడు అక్కడి మనుషులకి ఏం గుర్తొస్తుందో ఆలోచించాలి. నువ్వూ ఆలోచించు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించాక నేను సౌదీలోని అల్ జుబైల్ రేవులో ఉన్నాను. మెరైన్లు కాలిఫోర్నియా నుంచి విమానాల్లో వచ్చారు. ట్యాంకులు, ట్రక్కులు, నెల రోజుల సరుకు హిందూ మహాసముద్రంలోని డియెగో గార్సియా దీవిలో ముందే నింపి ఉంచిన ఓడల్లో వచ్చాయి. రేవులో మనిషికి బండిని, బండికి ఇంధనాన్ని జతచేయడమే మా పని. ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండ. ఒకరోజు అలసిపోయి, దించిన పెట్టెల లెక్క రాత్రి గుర్తుతెచ్చుకుని రాశాను. రేడియో బ్యాటరీలు వేరే యూనిట్‌కి వెళ్లిపోయాయి. ఎడారిలో ఒక ప్లటూన్ ఆ రాత్రంతా రేడియో లేకుండా గడిపింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ నాకు ఈనాటికీ గుర్తే. అందుకే చెబుతున్నాను, పెట్టె దించిన చోటే, దించినప్పుడే రాయి. కంప్యూటర్ ఏం చూపించినా నీ చేత్తో ఒకసారి లెక్కపెట్టు.

1991 ఫిబ్రవరి 24న రెండు మెరైన్ డివిజన్లు మందుపాతరలు దాటుకుని కువైట్‌లోకి వెళ్లాయి. నాలుగు రోజుల్లో భూమి మీద యుద్ధం ముగిసింది. దాని వెనక మేం ఆరు నెలలు మోసిన సరుకు ఉంది.

షూటింగ్ ప్రాక్టీసు మాత్రం మానకు. 2003 మార్చిలో ఇరాక్‌లోని నాసిరియా దగ్గర పోరు చూశాక, ట్రక్కులు వెళ్లే దారి కూడా యుద్ధభూమే అని అందరికీ అర్థమైంది. వీలున్నప్పుడల్లా పదాతి కుర్రాళ్ల దగ్గరికెళ్లి వాళ్లకి ఏం అందడం లేదో అడుగు. అలాగే గాయపడ్డవాళ్లకి వైద్యం చేసే కార్ప్స్‌మెన్‌తో స్నేహంగా ఉండు. మెరైన్లకి సొంత వైద్యులు లేరు, వాళ్లంతా నేవీవాళ్లు. వాళ్ల మందుల పెట్టె ఎప్పుడూ ఆలస్యం కానివ్వకు.

అమ్మ టెన్షన్ పడుతోంది. ఆమెకి విశాఖలో మన నేవీ ఓడ జలాశ్వ గురించి చెప్పు. అది పాత అమెరికా ఓడ ట్రెంటన్. 1991 జనవరిలో సోమాలియాలోని మొగదిషులో చిక్కుకున్నవాళ్లని తీసుకురావడానికి మెరైన్ల మొదటి హెలికాప్టర్లు దాని మీద నుంచే లేచాయి. 2007లో మనకొచ్చింది. తన ఊరి ఓడ అంటే ఆమె వింటుంది. చేరిన మొదటి ఆదివారం మాత్రం మర్చిపోకుండా ఆమెకి ఫోన్ చెయ్యి. నాకు తర్వాత చేసినా ఫర్వాలేదు.

మీ మామయ్య