క్రిస్మస్ ట్రీ మీద ఎవరి వస్తువులు ఉండాలి?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 32 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. పెళ్లయి తొమ్మిదేళ్లయింది, ఏడేళ్ల పాప ఉంది. మామగారు పోయాక రెండేళ్లుగా అత్తయ్య మాతోనే ఉంటున్నారు. ఈ ఏడాది కొత్త ఫ్లాట్‌లోకి మారాం. హాలంతా నాకు నచ్చినట్టు చేయించుకున్నాను. ఆరడుగుల ట్రీ కొని, దానికి తెలుపు, బంగారు రంగుల్లో బంతులు, రిబ్బన్లు తెప్పించాను. ట్రీ పెట్టే రోజు అత్తయ్య తన రేకుపెట్టె తెచ్చి ముందు పెట్టారు. అన్నీ పాత సామాన్లే. రంగు వెలిసిన బంతులు, దూదితో చేసిన క్రిస్మస్ తాత, మామగారు ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరించి చేసిన నక్షత్రాలు, మా వారు చిన్నప్పుడు ఐస్‌క్రీమ్ పుల్లలతో అతికించిన శిలువ. "ఇవి మ్యాచ్ అవ్వవు అత్తయ్యా, ఈసారికి వద్దు" అన్నాను. "నీ ఇష్టమమ్మా" అని పెట్టె తీసుకుని గదిలోకి వెళ్లిపోయారు. అప్పటినుంచి ముక్తసరిగా మాట్లాడుతున్నారు. మా వారిని అడిగితే "మీరిద్దరూ తేల్చుకోండి" అంటారు. వచ్చే వారం చర్చి సంఘం వాళ్లు క్యారల్స్ పాడడానికి వస్తారు. నా ఇంట్లో నాకు నచ్చినట్టు ట్రీ పెట్టుకోవడం తప్పా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: తప్పు కాదమ్మా. ఉద్యోగం, పాప చదువు, ఫ్లాట్ కంతులు, అన్నీ చూసుకుంటూ ఏడాదికోసారి హాల్లో ఒక మూల కంటికి ఇంపుగా ఉండాలని కోరుకున్నారు. దాన్ని ఎవరైనా వేషాలు అంటే పట్టించుకోకండి. అందంగా అమర్చుకోవడం కూడా పండుగ చేసుకోవడమే.

అయితే ఆ రోజు మీరన్న మాట అత్తయ్య చెవికి ఎలా చేరిందో ఒకసారి ఆలోచించండి. మీరు రంగుల గురించి మాట్లాడారు. ఆవిడ రెండేళ్ల కిందట భర్తను పోగొట్టుకుని, సొంత ఇల్లు వదిలి కొడుకు ఇంటికి వచ్చిన మనిషి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు మంచాలు, బీరువాలు ఎవరెవరికో పోతాయి. బట్టలు, బైబిలు, ఇలాంటి పెట్టె ఒకటి వెంట వస్తాయి. ఆ పెట్టెను హాల్లోకి తెచ్చారంటే, ఈ ఇంట్లో నాదీ ఒకటి ఉండనివ్వమని అడిగినట్టే. "మ్యాచ్ అవ్వవు" అన్న మాటను ఆవిడ బంతులకు ముడిపెట్టుకుని ఉండరు, తనకే ముడిపెట్టుకుని ఉంటారు.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎక్స్‌రే ఫిల్ములతో చేసిన నక్షత్రాలు అని రాసి ముందుకు వెళ్లిపోయారు. పాత ఎక్స్‌రే ఫిల్మును సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి రుద్దితే నల్లటి పూత ఊడిపోయి, లేత నీలం ఛాయ ఉన్న పలచటి షీటు మిగులుతుంది. కొందరు అలా కడిగి కత్తిరించేవారు. కొందరు కడగకుండానే కోసేవారు. అలాంటిదాన్ని దీపానికి అడ్డం పెడితే ఒక పక్కటెముక నీడో, వేలి కణుపు నీడో కనిపిస్తుంది. మీ మామగారివి ఏ రకమో మీకు తెలుసా? డ్యూటీ అయ్యాక ఒక మనిషి కూర్చుని, కత్తెర తిరగని గట్టి ఫిల్మును అయిదు కోణాలుగా కోశాడు. ఇంట్లో పిల్లాడి కోసం. దుకాణంలో నక్షత్రం కొనడానికి చేతిలో డబ్బు లేకనో, తానే చేయాలన్న ఇష్టంతోనో. ఆ సంగతి చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఇప్పుడు ఒక్కరే ఉన్నారు, ఆవిడ మీతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు.

ఇక మీ వైపు. ఆ పెట్టెలో ఉన్నవన్నీ మీరు వరసగా రాశారు. మామగారివి, అత్తయ్యవి, మీవారివి. మీది ఒక్కటి కూడా లేదు. పెళ్లయినప్పటినుంచీ క్రిస్మస్ అత్తింటి పద్ధతిలోనే చేసుకుని ఉంటారు, ఏటా వేరే వాళ్ల జ్ఞాపకాలే కట్టి ఉంటారు. మీ పుట్టింట్లో ట్రీ ఎలా పెట్టేవారు, మీ అమ్మగారు దాని కొసన ఏం కట్టేవారు, ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? ఉత్తరంలో మీరు కూడా ఆ ఊసు ఎత్తలేదు. పెళ్లయిన ఆడపిల్లకు క్రిస్మస్ అంటే అత్తింటి చర్చి, అత్తింటి పిండివంటలు, అత్తింటి ట్రీ. కొత్త ఫ్లాట్‌లో తెలుపూ బంగారమూ మీకు అంత గట్టిగా కావాల్సి రావడానికి కారణం ఇదేనేమో చూసుకోండి. ఆ రంగుల్లో ఎవరి పాత కథా లేదు. మొదటిసారి మీ ట్రీ మీది అనిపించి ఉంటుంది. ఇది చిన్న కోరికేమీ కాదు, దీన్ని మీరు వదులుకోవాలని నేను చెప్పను.

అన్నీ ఒకే రంగులో ఉండే ట్రీలు మనం షాపింగ్ మాల్‌లో చూస్తాం, హోటల్ లాబీలో చూస్తాం. అక్కడ చూడడానికి బాగుంటాయి. దాన్ని కట్టినవాళ్లకు అక్కడ తాతయ్య లేడు, నాయనమ్మ లేదు కాబట్టి రంగు ఒక్కటే చూసుకుంటే సరిపోతుంది. ఇళ్లలో ట్రీ మొదటినుంచీ కలగాపులగమే. 1605లో, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్లలో ట్రీ పెట్టడం చూసి ఒకరు రాసుకున్న దాంట్లో రంగురంగుల కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, పలచటి అప్పాలు, చక్కెర మిఠాయిలు కట్టారని ఉంది. ఇంట్లో ఉన్నదీ, పిల్లలు తినేదీ కట్టారన్నమాట. మనం ఈ రోజు కొనే గాజు బంతులు జర్మనీలో లౌషా అనే చిన్న ఊళ్లో, 19వ శతాబ్దంలో, కుటుంబాలకు కుటుంబాలే ఇంటి పనిగా ఊది చేసినవాటి నుంచి వచ్చాయి. పిల్లలూ పెద్దలూ తలా ఒక పని పట్టేవారు.

మన దగ్గరా అంతే. మా చిన్నప్పుడు బాపట్ల వైపు నుంచి సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టి, దూదిని పీచులుగా విడదీసి ఆకుల మీద పరిచేవాళ్లం. మంచు ఎరగని ఊళ్లో మంచు. బకెట్ కనబడకుండా మా అమ్మ తన పాత పట్టుచీర చుట్టేది. ఆ చీర అంచు ఎరుపు, ట్రీ మీద కాగితాలు గులాబీ, నీలం. ఏదీ దేనితోనూ కలిసేది కాదు. ఇప్పటికీ డిసెంబర్‌లో సరుగుడు వాసన తగిలితే నాకు గొంతు పట్టేస్తుంది.

జ్ఞాపకం ఉన్న ప్రతి వస్తువునూ ఏటా కట్టి తీరాలని కూడా నేననను. అలా చేస్తే కొన్నాళ్లకు ట్రీ కనబడదు, సామాను కనబడుతుంది. పెద్దవాళ్లు కూడా కొన్నింటిని పెట్టెలోనే ఉంచడానికి ఒప్పుకోవాలి. అయితే ఏవి ఉండాలో ఆవిడే ఎంచాలి, పక్కన మీరు కూర్చుని ఉండగా.

కాబట్టి ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, భోజనాలయ్యాక, టీవీ కట్టేసి వెళ్లి అడగండి. మాట పెద్దగా అక్కర్లేదు. "అత్తయ్యా, ఆ రోజు తొందరపడ్డాను. మీరు బాధపడ్డారని నాకు తెలుసు. పెట్టె తీద్దాం, ఏది ఎక్కడిదో పాపకు చెప్పండి" అంటే చాలు. "మీరు అపార్థం చేసుకున్నారు" అని మాత్రం అనకండి, ఉన్న తలుపు కూడా మూసుకుపోతుంది. ఆవిడ వెంటనే కరగకపోవచ్చు. "ఇప్పుడెందుకులేమ్మా" అంటే బలవంతం చేయకుండా పాపను పంపండి. నాయనమ్మ పాపకు కాదని చెప్పలేరు.

పెట్టె తెరిచాక వినండి, మధ్యలో రంగుల మాట ఎత్తకండి. ఎక్స్‌రే నక్షత్రం ఒకటి పాప చేతికిచ్చి బల్బుకు అడ్డం పెట్టమనండి. ఆ తర్వాత ఈ ఏటికి ట్రీ మీదకు ఏవి రావాలో ఆవిడనే తీసివ్వమనండి. పదో పన్నెండో ఇస్తారు. ఎక్కువ అడగరు, చూడండి.

అవి మీ ట్రీని పాడుచేస్తాయన్న టెన్షన్ పెట్టుకోకండి. లైట్లు ఒకే రంగువి, లేత పసుపు వెలుగువి వాడండి. బంగారు రిబ్బను మీరు అనుకున్నట్టే పైనుంచి కిందికి జారనివ్వండి. ఈ రెండూ ఒక్కటిగా ఉంటే మధ్యలో ఎన్ని రకాలున్నా కన్ను వాటిని కలిపేసుకుంటుంది. వెలిసిన బంతుల్ని కొమ్మ కొసలకు కాకుండా లోపల, కాండం దగ్గరగా కట్టండి. వెనకనుంచి వెలుగు పడితే ఆ వెలిసిన రంగే మెత్తగా మెరుస్తుంది. ఎక్స్‌రే నక్షత్రాలైతే నిజానికి మీ తెలుపు బంగారాలకు బాగా నప్పుతాయి. ఒక్కోదాని వెనక ఒక చిన్న బల్బు వచ్చేలా కట్టి చూడండి. గాజువి పాప చేతికి అందనంత ఎత్తులో ఉండాలి. పెట్టెలో పాత సీరియల్ లైట్ల సెట్ కూడా ఉంటే దాన్ని ప్లగ్‌లో పెట్టకండి. ఏళ్ల తరబడి మడతపెట్టిన వైరు పైపూత పగిలి ఉంటుంది.

అత్తయ్య గదిలో ఆవిడకో చిన్న ట్రీ పెట్టిస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తారు. ఆవిడగా అడిగితే తప్ప ఆ పని చేయకండి. జ్ఞాపకాలను గదిలోకి, అందాన్ని హాల్లోకి పంచితే ఆ రోజు జరిగిందే ఏటా జరిగినట్టవుతుంది. దానికన్నా హాల్లో ట్రీ కింద యేసు పుట్టిన పశువుల పాక కట్టే పని పూర్తిగా ఆవిడకు వదిలేయండి. గడ్డి ఎలా పరవాలో, గొర్రెలు ఎటు చూడాలో ఆవిడ ఇష్టం. మీరు వేలు పెట్టకండి. ట్రీ రంగులు, కొసన ఉండే స్టార్ మీ ఇష్టం, ఆవిడ వేలు పెట్టరు.

మీవారి విషయం. "మీరిద్దరూ తేల్చుకోండి" అనడం న్యాయం కాదు. ఆ నక్షత్రాలు వాళ్ల నాన్నగారు చేసినవి, ఆ శిలువ మీవారే తన చేతులతో అతికించింది. ఇద్దరు ఆడవాళ్ల గొడవ అని తప్పుకోవడం సులువు. తండ్రి పోయిన దుఃఖం ఆయన ఇంకా బయటికి తీయలేదేమో కూడా, ఆ పెట్టె దగ్గరికి రావడానికే వెనకాడుతున్నారేమో. నిలదీయకుండా, పుల్లల శిలువ ఆయన చేతికిచ్చి "ఇది మీరే కట్టండి" అనండి. ఆయన ఏమంటారో, ఏమీ అనకుండా ఎంతసేపు పట్టుకుంటారో చూడండి.

పాప చేత ఏటా ఒక్కటి చేయించండి, వెనక ఏడాది, వయసు రాయించండి. అత్తయ్య చెప్పిన సంగతులు కూడా చిన్న చీటీల మీద రాసి ఆయా వస్తువులకు దారంతో కట్టేయండి, ఈ పని వాయిదా వేయకండి. క్రిస్మస్ రోజులు ముగిసే జనవరి 6 దాటాక ట్రీ తీసేటప్పుడు వార్తాపత్రికల్లో చుట్టవద్దు, సిరా అంటుకుంటుంది. పాత నూలుచీర ముక్కలు మంచివి. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు ఆ రేకుపెట్టెలో వేయండి.

క్యారల్స్ వాళ్లు వచ్చేలోపు ఇంకొక్క పని ఉంది. ఈ రాత్రే మీ అమ్మగారికి ఫోన్ చేసి, మీ చిన్నప్పటి ట్రీ సామాన్లలో ఏమైనా మిగిలిందేమో అడగండి. ఒక గంటైనా, ఒక తళుకు దండ ముక్కైనా సరే, తెప్పించుకోండి. ఏదీ మిగలకపోతే అక్కడ కట్టేవాటిలో మీకు బాగా గుర్తున్నది ఒకటి పాపతో కలిసి మళ్లీ చేయండి. కట్టేటప్పుడు అది ఎక్కడిదో మీ అత్తయ్యకు మీరు చెప్పండి.