తెలుగు పత్రాల మార్పిడిలో పార్సర్‌ను ఎక్కడ సరిదిద్దాలి?

మీరు అడిగినది ఇది: భీమవరం దగ్గరి రైతు సంఘం కోసం మార్క్‌డౌన్‌లో (స్టార్ల వంటి గుర్తులతో బొద్దు అక్షరాలు, శీర్షికలు సూచించే సాదా పాఠంలో) రాసిన సాగు సూచనలను పాన్‌డాక్ అనే పత్రాల మార్పిడి ప్రోగ్రామ్‌తో ఈపబ్ ఈ-పుస్తకంగానూ వెబ్ పేజీలుగానూ మారుస్తున్నారు. ఇన్‌పుట్ రూపంగా గిట్‌హబ్ శైలి మార్క్‌డౌన్‌ను, అంటే జీఎఫ్ఎంను ఎంచుకున్నారు. కొన్ని చోట్ల అక్షరాలు బొద్దుగా మారకుండా స్టార్ గుర్తులు అలాగే మిగిలిపోతున్నాయి. విషయసూచిక కోసం పైథాన్‌లో మీరు రాసుకున్న స్క్రిప్ట్ కొన్ని లింకులను వేరే శీర్షికకు పంపుతోంది. పట్టికలు చెదురుతున్నాయి. పార్సర్ (రాసినదాన్ని చదివి దాని నిర్మాణాన్ని గుర్తించే భాగం) కోడ్‌లో చెయ్యి పెట్టాలా, లేక ఫైళ్లనే ముందుగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే అక్షరాల నమూనాలతో వెతికి మార్చే పద్ధతితో సవరించుకుంటే సరిపోతుందా అన్నది మీ సందేహం.

అమలాపురం ప్రాంతంలో నేనూ ఇటువంటి పనే చేస్తున్నాను. సార్వా, దాళ్వా పంటల సూచనలు, కాలువలకు నీరు వదిలే తేదీలు, కట్టే తేదీలు ఉన్న పత్రాలే ఎక్కువగా నా చేతికి వస్తుంటాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను: పార్సర్‌ను మెరుగుపరచడమంటే ముందుగా కోడ్ మార్చడం కాదు. కనిపిస్తున్న లోపం పార్సర్‌దా, పార్సర్ అనుసరిస్తున్న నిర్దేశానిదా (నియమావళిదా), మన సొంత స్క్రిప్ట్‌దా అన్నది తేల్చడమే అందులో పెద్ద భాగం. మీరు చెప్పిన లక్షణాలు మూడూ ఒకే చోటి నుంచి వచ్చినవి కావు.

పాన్‌డాక్‌ను బర్క్‌లీలో తత్వశాస్త్ర ఆచార్యుడైన జాన్ మాక్‌ఫార్లేన్ 2006లో హాస్కెల్ భాషలో మొదలుపెట్టారు. ప్రతి ఇన్‌పుట్ రూపానికీ ఒక రీడర్ (దాన్ని చదివే పార్సర్), ప్రతి అవుట్‌పుట్ రూపానికీ ఒక రైటర్ (దాన్ని రాసే భాగం), రెండింటికీ నడుమ అన్ని రూపాలకూ ఉమ్మడిగా ఉండే ఒక సింటాక్స్ ట్రీ (పత్రంలోని శీర్షికలు, పేరాలు, మాటల అమరికను చూపే చెట్టు), ఇదీ దాని నిర్మాణం. ధవళేశ్వరం దగ్గర హెడ్ స్లూయిస్‌లో తేడా వస్తే దిగువ కాలువలన్నిటి మీదా ఆ ప్రభావం పడినట్టే, రీడర్ తప్పుగా చదివితే ఈపబ్, వెబ్ పేజీ, వర్డ్ ఫైలు అన్నీ ఒకే రకంగా తప్పుతాయి. ఒక్క ఈపబ్‌లోనే తప్పు కనిపిస్తూ వెబ్ పేజీ బాగుంటే మాత్రం రైటర్‌ను అనుమానించాలి. అందుకే అవుట్‌పుట్ రూపంగా 'నేటివ్' అని ఇచ్చి ముందు ట్రీనే చూడండి. నేటివ్‌లో తెలుగు అక్షరాలు అంకెలుగా కనిపిస్తాయి, ఉదాహరణకు 'క' బదులు 3093 అని వస్తుంది. చదవడానికి అది ఇబ్బంది అనిపిస్తే జేసన్ అవుట్‌పుట్ తీసుకోండి, అందులో తెలుగు తెలుగుగానే ఉంటుంది.

ఇక స్టార్ గుర్తుల సంగతి. ధాన్యం కొనుగోలు నిబంధనల్లో తేమ 17 శాతం దాటకూడదని ఉంటుంది కనుక మన పత్రాల్లో ఇటువంటి వాక్యం తరచుగా వస్తుంది:

తేమ **17%**కు మించరాదు.

జీఎఫ్ఎంగా చదివిస్తే ఇక్కడ 17% బొద్దుగా మారదు, నాలుగు స్టార్లూ తెర మీద మిగిలిపోతాయి. పార్సర్ ఇక్కడ తప్పు చేయలేదు. జీఎఫ్ఎంకు ఆధారమైన, మార్క్‌డౌన్‌ను ఎలా చదవాలో చెప్పే కామన్‌మార్క్ నిర్దేశం ప్రకారం, స్టార్లకు ముందు విరామచిహ్నం ఉన్నప్పుడు, వాటి తర్వాత ఖాళీ గానీ మరో విరామచిహ్నం గానీ ఉంటేనే అవి బొద్దును ముగించగలవు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు, వర్గాలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణం లెక్కలో % గుర్తు విరామచిహ్నాల కోవలోనిది, దాని తర్వాత స్టార్లను ఆనుకుని 'కు' అనే అక్షరం ఉంది. కాబట్టి రెండో జత స్టార్లను ముగింపుగా కాక కొత్త ప్రారంభంగా చూడవలసిందేనని నిర్దేశమే చెబుతోంది. ఒకదానిలో ఒకటి ఇమిడిన నొక్కిచెప్పే గుర్తుల్లో ఏది మొదలో ఏది చివరో తేల్చడానికి పెట్టిన నియమమిది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండే భాషలకు ఇది చక్కగా సరిపోతుంది. మన భాషలో విభక్తి మాటను ఆనుకునే ఉంటుంది. కోట్ గుర్తుల్లోనో కుండలీకరణాల్లోనో ఉన్న మాటను బొద్దుచేసి, దాని పక్కనే 'లో', 'ని', 'తో' రాసిన ప్రతిచోటా ఇదే జరుగుతుంది.

ఈ నియమాన్ని మన దగ్గరి పాన్‌డాక్ కాపీలో సడలించుకోవడం కష్టం కాదు గానీ, అలా చేస్తే అదే ఫైలు మన దగ్గర ఒకలాగా, గిట్‌హబ్‌లో మరొకలాగా కనిపిస్తుంది. ఆ తేడాను తర్వాత ఎవరూ కనిపెట్టలేరు కాబట్టి దాన్ని నేను గట్టిగా వద్దంటాను. సరైన దారులు రెండున్నాయి. ఇన్‌పుట్ రూపాన్ని పాన్‌డాక్ సొంత మార్క్‌డౌన్‌కు మార్చడం ఒకటి, ఆ రీడర్‌కు స్టార్ల విషయంలో ఈ నిబంధన లేదు. '17 శాతానికి' అని అక్షరాల్లో రాసి మాట మొత్తాన్నీ బొద్దుచేయడం మరొకటి, చదవడానికీ అదే హాయిగా ఉంటుంది. అయితే పాన్‌డాక్ మార్క్‌డౌన్‌లోనైనా స్టార్లకు బదులు అండర్‌స్కోర్ వాడకండి. అండర్‌స్కోర్ తర్వాత వెంటనే అక్షరం వస్తే దాన్ని ముగింపుగా తీసుకోకపోవడం రెండు పద్ధతుల్లోనూ ఉన్నదే. ఫైలు పేర్లలో అండర్‌స్కోర్లు ఉంటాయి కనుక ఆ నియమం అవసరమే, కానీ _సార్వా_లో అని రాసిన తెలుగువారికి అది అడ్డు తగులుతుంది.

లింకులు దారితప్పడం మాత్రం పాన్‌డాక్ పని కాదు, మీ స్క్రిప్ట్‌లోదే. మీరు పెట్టిన కోడ్‌లో శీర్షిక నుంచి అక్షరాలూ అంకెలూ తప్ప మిగతావన్నీ తీసేసే వరుస ఒకటి ఉంది. పైథాన్ ప్రామాణిక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో 'పదాక్షరం' అనే వర్గంలోకి హల్లులు, అచ్చులు వస్తాయి గానీ గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు రావు. యూనికోడ్ వాటిని అక్షరాలుగా కాక 'మార్కులు'గా వర్గీకరించింది. అందువల్ల 'గోదావరి' అనే మాటను ఆ వర్గంతో వెతికిస్తే గ, ద, వర అని మూడు ముక్కలై వస్తుంది. మీ పత్రంలో 'కాలువ' అనే శీర్షికా, 'కలువ' అనే శీర్షికా రెండూ ఉన్నాయి. గుణింతాలు రాలిపోయాక రెండూ 'కలవ' అవుతాయి, పూడిక తీత గురించి చదవాలనుకున్న రైతు కలువ మొక్కల నిర్మూలన దగ్గర తేలతాడు. ప్రతి అక్షరానికీ యూనికోడ్ వర్గం అడిగి, అక్షరాలతో పాటు మార్కులనూ ఉంచేలా ఆ వరుసను మార్చండి. 'ఆన్‌లైన్' వంటి మాటల్లో పొల్లు తర్వాత ఉండే కనిపించని విభజక గుర్తు అక్షరమూ కాదు, మార్కూ కాదు. దాన్ని ఉంచుతారో తీసేస్తారో ఒకసారి నిర్ణయించుకుని శీర్షికలోనూ లింకులోనూ ఒకేలా పాటించండి.

పట్టికల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిలువు వరుసల ఎడం మీద ఆధారపడే పట్టికలను తెలుగులో వాడకపోవడమే మేలు, ఎందుకంటే 'లక్ష్మి' అన్న మాట తెర మీద ఎంత వెడల్పు పడుతుందో, అందులో ఎన్ని కోడ్ పాయింట్లు (యూనికోడ్ సంఖ్యలు) ఉన్నాయో, రెండింటికీ పొంతన ఉండదు. నిలువు గీతలతో గడులను వేరుచేసే పైప్ పట్టికలకు ఈ బాధ లేదు.

ముందే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో సవరించడాన్ని నేను సమర్థించను. ఆ సవరణకు తాను కోడ్ బ్లాక్‌లో ఉన్నదో, లింకు చిరునామాలో ఉన్నదో, మామూలు పేరాలో ఉన్నదో తెలియదు, ఆ తేడా తెలుసుకోవడానికే కదా పార్సర్ ఉన్నది. మార్పు తప్పనిసరైతే రీడర్ చదివిన తర్వాత ట్రీ మీద లూవా ఫిల్టర్‌తో (లూవా భాషలో రాసే చిన్న స్క్రిప్ట్‌తో) చేయండి. పాన్‌డాక్ 2.0 నుంచి ఆ సౌకర్యం లోపలే ఉంది, వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు.

నిజంగా రీడర్‌లోనే లోపం దొరికితే, మీ పత్రమంతా పంపకుండా దాన్ని సగానికి సగం కోసుకుంటూ పోయి, తప్పు ఇంకా కనిపించే ఒకటి రెండు వరుసలకు కుదించండి. పాన్‌డాక్ సోర్స్ కోడ్‌లో పరీక్షల ఫోల్డర్ కింద 'కమాండ్' అనే ఫోల్డర్ ఉంది. అందులో ఒక్కో పరీక్ష ఒక చిన్న ఫైలు: పైన ఇవ్వవలసిన ఆదేశం, దాని కింద ఇన్‌పుట్, ఆ కింద రావలసిన ఫలితం. కోడ్ ముట్టుకోకముందే ఆ ఫైలు రాస్తే, మీరు ఏది సరైనదని అనుకుంటున్నారో మీకే స్పష్టమవుతుంది, నిర్వాహకులకూ వాదన తగ్గుతుంది. తర్వాత రీడర్‌లో మార్పు చేసేటప్పుడు, ఒక దారిలో పోయి కుదరకపోతే వెనక్కి వచ్చి మరో దారి ప్రయత్నించే నియమాలను ఒకదానిలో ఒకటి పేర్చకండి. మూతపడని బ్రాకెట్లు పదులకొద్దీ ఉన్న ఇన్‌పుట్ ఇస్తే అటువంటి పార్సర్ తీసుకునే సమయం ఒక్కో బ్రాకెట్‌కూ రెట్టింపవుతూ పోగలదు. మీ మార్పు తర్వాత అటువంటి ఫైలును కూడా ఒకసారి తప్పక నడిపి, పట్టిన సమయం చూడండి. తేమ శాతం వాక్యాన్ని మాత్రం పాన్‌డాక్‌కు కాక కామన్‌మార్క్ నిర్దేశం చర్చించేవారికి పంపండి. ఖాళీలు లేకుండా రాసే చైనీస్, జపనీస్ భాషలవారు ఇదే ఇబ్బందిని ఇప్పటికే వారి దృష్టికి తెచ్చారు, వారి ఉదాహరణల పక్కన విభక్తులున్న ఒక తెలుగు వాక్యం చేరితే ఆ వాదనకు బలం పెరుగుతుంది.