పాప పేరున యూనిట్టా, పాపకి ఉద్యోగమా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కిరాణా కొట్టు ఉంది. ఇంట్లో తెలుగు, పిల్లల చదువు ఒడియాలో. పాప మెకానికల్ బీటెక్ పూర్తిచేసింది. ఒక ఫ్యాక్టరీ ఆడపిల్లల కోసమే పెట్టిన సెలక్షన్‌కి పిలుపొచ్చింది. "అది కోటా జాబ్, ఊరికే ఇచ్చేస్తారు" అని తోటి కుర్రాళ్ళు అన్నారని వెళ్ళనంటోంది. డిప్లొమా చేసి ఖాళీగా ఉన్న మా బాబుదీ అదే మాట. పాప పేరున జీడిపప్పు యూనిట్ పెడితే సబ్సిడీ ఎక్కువట, బాబు చూసుకుంటాడు. ఏది మంచిదండి?

జవాబు: పాపని సెలక్షన్‌కి పంపండి. యూనిట్ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఆ కోటా మాట తేల్చేద్దాం. ప్రైవేటు కంపెనీ ఇంతమంది ఆడవాళ్ళని ఉద్యోగంలో పెట్టుకోవాలని కేంద్ర చట్టమేదీ లేదు. కంపెనీ తనంతట తానే పిలిచింది. ఎందుకంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఆడవాళ్ళతో పని చేయించకూడదంది. మూడు షిఫ్టుల ప్లాంటులో మేనేజరు ఏం చేస్తాడు? రాత్రి డ్యూటీ వెయ్యడానికి వీల్లేని మనిషి ఎందుకులే అని మగవాళ్ళనే తీసుకున్నాడు. దశాబ్దాలు అలాగే నడిచింది. తర్వాత రవాణా, భద్రత లాంటి షరతులు పెట్టి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా సడలించాయి. రూలు సడలినా అలవాటు పోలేదు. మెకానికల్ పోస్టంటే అమ్మాయిలే అప్లై చెయ్యరు, చేసినా "షెడ్డులో నిలబడగలవా" అని అడుగుతారు. విడిగా పిలవడం ఆ అలవాటు వదిలించుకోవడానికే. పిలుపు వేరు కానీ పేపరు తేలిగ్గా ఉంటుందనుకోవద్దు. బాయిలరుకి ఆడా మగా తెలీదు.

అలాగని ఇలా పిలిచే ప్రతి కంపెనీనీ నమ్మేయమనను. నా మాట మీద చేరిన ఒకమ్మాయిని చూడ్డానికి ఒకసారి వాళ్ళ ప్లాంటుకి వెళ్ళాను. గేటు దగ్గర హెల్మెట్లు పెట్టుకుని నవ్వుతున్న ఆడ ఇంజినీర్ల ఫ్లెక్సీ. లోపల షెడ్డులో లేడీస్ టాయిలెట్ లేదు, ఆఫీసు బిల్డింగు దాకా పది నిమిషాలు నడవాలి. ఆ పిల్ల డ్యూటీలో మంచినీళ్ళు తాగడమే మానేసింది. బాటిల్ మూత తీయకుండా సాయంత్రం దాకా అలాగే ఉంచేదట. చేరేముందు ఆ ఒక్క ముక్క అడగమని నేను చెప్పలేదు.

అందుకని పాపతో అడిగించండి. షెడ్డులో టాయిలెట్ ఎక్కడుంది, రాత్రి షిఫ్టుకి బండి ఇంటి గుమ్మం దాకా వస్తుందా, ఇప్పుడు ఆడ సూపర్‌వైజర్లు ఎంతమంది. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలని 2013 చట్టం. దాని అధ్యక్షురాలు ఎవరో అడిగితే హెచ్ఆర్ వాళ్ళు తడుముకోకూడదు. 50 మంది పనిచేసే చోట పిల్లల క్రెష్ ఉండాలి. పెళ్ళి కాని పిల్ల ఇదేం అడుగుతుందని మొహమాటపడొద్దు.

ఇంగ్లీషులో ఒడియా, తెలుగు యాస వస్తుందని భయపడుతుంటే, రెజ్యూమెలో మూడు భాషలూ పైనే రాయమనండి. సూపర్‌వైజరు పని సగం కూలీలతో మాట్లాడటమే. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్ళోనే బడిలో పాఠాలు చెబుతూ గిరిజనుల భాష సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. ఆ ఊరి పిల్ల రెండు మూడు భాషలొచ్చని సిగ్గుపడటమేమిటి!

ఇక యూనిట్. మీరు విన్న పథకం పీఎంఈజీపీ అయి ఉంటుంది, సొంత యూనిట్ పెట్టుకునేవాళ్ళకి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం. పల్లెలో పెడితే సాధారణ వర్గం మగవాళ్ళకి సబ్సిడీ 25 శాతం, ఆడవాళ్ళకి 35. మున్సిపాలిటీ పరిధిలో అయితే 15, 25. మామూలు జిల్లాలో 20 లక్షల యూనిట్‌కి పల్లెలో తేడా 2 లక్షలు. మీ గజపతి జిల్లా కేంద్రం గుర్తించిన వెనకబడిన (ఆస్పిరేషనల్) జిల్లాల్లో ఒకటి, అక్కడ పెడితే మగవాళ్ళకీ ఆ ఎక్కువ సబ్సిడీయే, తేడా ఉండదు. ఇక ఆడవాళ్ళు చేతి నుంచి పెట్టేది 5 శాతమే కాబట్టి మిగతా 19 లక్షలు బ్యాంకు అప్పు, సంతకం పాపది. సబ్సిడీ వెంటనే చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. ఈలోగా బాబు వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు పడేది పాపకి. రేపు తనే సొంతంగా ఏదైనా పెట్టాలనుకుంటే ఏ బ్యాంకూ గుమ్మం ఎక్కనివ్వదు. మహా అయితే 2 లక్షల తేడా కోసం పిల్ల నెత్తిన 19 లక్షలు పెట్టడం నాకు నచ్చలేదండి, కోపగించుకోకండి. పైగా శిక్షణకి వెళ్ళాల్సింది, తనిఖీకి వస్తే యూనిట్‌లో కనబడాల్సింది పాపే.

పలాస మీకు దగ్గరే. అక్కడ జీడి అంటి నల్లబడ్డ వేళ్ళతో గింజ కొట్టేదీ, పొట్టు తీసేదీ, గ్రేడు కట్టేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. బోర్డు మీద పేరు మాత్రం మగవాళ్ళది. మీ బోర్డు మీద పాప పేరుంటే నాకూ సంతోషమే, కానీ తాళంచెవీ చెక్‌బుక్కూ కూడా తన దగ్గరే ఉండాలి.

నడిపేది బాబే అయితే బాబు పేరునే అప్లై చెయ్యండి. మీ జిల్లాలోనే పెడితే వాడికీ అదే సబ్సిడీ, బయట పెట్టినా 25 శాతం తక్కువేం కాదు. దరఖాస్తుకి ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఈ ఏడాది నిబంధనలు అడగండి. అంతకంటే ముందు వాణ్ణి ఒక సీజను పలాసలో ఏదైనా యూనిట్‌లో పనికి పెట్టండి. ఒక బస్తా పచ్చి గింజకి ఎంత పప్పు దిగుతుందో, అందులో ముక్క ఎంతో వాడే లెక్క రాసి తెచ్చి మీకు చూపించాలి.